మా నాయిన చూడని కాటిసీను

మా ఊరికి నాటకం వస్తే ముందుగాల తెలిసేది మాదిగవాడకే. సాటింపు వేసేది మా నాయిన కాబట్టి. డప్పు మంటకు కాపుకొని, నడుముకు తుండు కట్టుకొని, "ఇయ్యాల రాత్రి గడి ముందట సత్యహరిశ్చంద్ర నాటకమున్నదహో, ఊరోళ్లందరు రావాలహో" అని వాడవాడ తిరిగేటోడు. ఊరినంతా పిలిచిన మనిషి తను మాత్రం అందరికన్న వెనుక, తాడుకు అవతల కూర్చునేటోడు. గుంజలు పాతి ఆ తాడు కట్టేది కూడా మా వాడోళ్లే. మనలను ఆపే తాడును మన చేతులతోటే కట్టించడం మన ఊర్ల తెలివి.

అది 1975. మాది నర్సంపేట దిక్కు ఒక ఊరు. నాకు ఎనిమిదేండ్లు. నాయిన భుజం మీద కూర్చొని చూస్తే దూరంగా పెట్రోమాక్స్ లైట్ల వెలుగుల తళతళ మెరిసే కిరీటం ఒక్కటే కనబడేది. మాటలు సగం వినబడేవి, సగం గాలికి పోయేవి. హార్మోనియం మాత్రం మంచిగ వినబడేది. నడిరాత్రి దాటినంక దొర జీతగాడొచ్చి నాయినను పిలిచిండు. లైట్లకు గ్యాసునూనె తేవాలె, ఆ తర్వాత తెర వెనుక నాటకపోళ్ల పెట్టెల కాడ కావలుండాలె. నాయిన నన్ను అవ్వ ఒళ్లో వేసి పోయిండు. ఊరు ఊరంతా ఎదురుచూసే కాటిసీను వచ్చేసరికి ఆయన తెరకు వెనుక పెట్టెల మీద కూర్చొని ఉన్నడు. పద్యం చెవుల పడ్డది. పాడేటోని మొకం కనబడలేదు.

ఆ తర్వాత పదేండ్లు నాయిన ఆ పద్యాలను తనకొచ్చినట్టు పాడుకున్నడు. సదువు లేదు. మాటలు విరిగిపోయేవి, నడుమ నడుమ తన మాటలు కలిసేవి, రాగం మాత్రం తప్పేది కాదు. తోలు నానబెడుతుంటే పాడేటోడు, డప్పు కాపుతుంటే పాడేటోడు. "ఎప్పటికన్న ఒక్కసారి ముందట కూసోని చూడాలె కొడుకా. ఆ పద్యం పాడేటప్పుడు రాజు మొకం ఎట్లుంటదో చూడాలె" అనేటోడు. మనిషికి కొన్ని చిన్న కోరికలుంటయి. చిన్నగ ఉన్నందుకే అవి తీరవు.

1986 చలికాలం. నేను హన్మకొండలో డిగ్రీ చదువుతున్న, హాస్టల్‌లో ఉంటున్న. మా చిన్నాయిన వరంగల్ ఆజంజాహీ మిల్లుల పని. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది. ఇప్పుడు లేదు గాని అప్పట్ల మా ఊర్ల నుంచి పట్నమొచ్చిన మాదిగ పిల్లలకు మొదటి ఆసరా అదే. చిన్నాయిన ఒక రోజు గులాబీ రంగు కరపత్రం తెచ్చిచ్చిండు. కోస్తా నుంచి పేరున్న నాటక సమాజం వస్తున్నది, సత్యహరిశ్చంద్ర, మొదటి హరిశ్చంద్రుడు ఒకరు, కాటిసీను హరిశ్చంద్రుడు ఇంకొకరు. నేను రెండు టికెట్లు కొన్న. ఒకటి నాకు, ఒకటి నాయినకు. ముందు వరుసలకు పైసలు చాల్లేదు, నడిమి వరుసలకు చాలినయి. టికెట్టు మీద కులం రాసిలేదు. టికెట్టు అనేది ఎంత గొప్ప వస్తువో ఆ రోజు నాకు తెలిసింది.

హాస్టల్‌ల మా అన్నలు నవ్విండ్రు. "రాజుల కథలు, భూస్వామ్య సంస్కృతి, నీకెందుకురా" అన్నరు. వాళ్లు చెప్పిందాంట్ల అబద్ధం లేదు. అప్పటికి కారంచేడు జరిగి ఏడాదిన్నర. 1985 జులై 17న ప్రకాశం జిల్లాలో మాదిగలను వెంటాడి ఆరుగురిని చంపిండ్రు. ఆ పేరు మా హాస్టల్ గోడల మీద ఇంకా ఉన్నది. కాని మా నాయిన పదేండ్ల కోరిక ఏ సంస్కృతి కిందికి వస్తదో ఆ అన్నలు చెప్పలేదు. నేను అడగలేదు.

నాటకం రోజు పొద్దుగూకాల హన్మకొండ బస్టాండుల నిలబడ్డ. ఒక బస్సు వచ్చింది, నాయిన దిగలేదు. ఇంకో బస్సు వచ్చింది, దిగలేదు. ఆఖరి బస్సు నుంచి మా ఊరి సాకలి మామ దిగిండు. నన్ను చూసి దగ్గరికొచ్చిండు. "అల్లుడా, మీ నాయిన రాడు. దొర తల్లి సచ్చింది. సావుకబురు చెప్ప చుట్టాల ఊర్లకు తోలిండ్రు. పొద్దుగాల డప్పు కొట్టాలె, కట్టెలు పేర్వాలె" అన్నడు.

కొన్ని ఊర్లల్ల ఈ పనులు వేర్వేరు చేతులల్ల ఉంటయి. మా ఊర్లె సావుకబురు మోసుడు, డప్పు కొట్టుడు, కాటి కట్టెలు పేర్చుడు, కాలిందాక కావలుండుడు అన్నీ మా రెండిండ్లవే. వెట్టి లేదని కాయితాల మీద ఎప్పుడో రాసుకున్నరు. సావుకు కాయితం అక్కర లేదు.

జేబుల రెండు టికెట్లు పెట్టుకొని ఒక్కడినే పోయిన.

మైదానం నిండా జనం. జంపఖానా మీద కూర్చున్న. పక్కన తెల్లధోవతి పెద్దమనిషి పల్లికాయలు ఒలుచుకొని తింటున్నడు. "ఏ ఊరు పిలగా?" అన్నడు. చెప్పిన. "ఎవలింటోళ్లు?" అన్నడు. కులం అడిగే తీరు అది, అందరికీ తెలుసు. నేను తడుముకోకుండ "కాపోళ్లం" అన్న. ఆయన సంబురంగ గుప్పెడు పల్లికాయలు నా చేతుల పోసిండు. మంచినీళ్ల చెంబు కూడ నా ముందటికి జరిపిండు. నేను తాగిన.

సత్యం కోసం రాజ్యం వదులుకున్న రాజు నాటకం చూడనీకి పోయి తెర లేవకముందే అబద్ధమాడిన. ఆ సంగతి ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు. రాజు సత్యమాడితే ముందు కష్టమొచ్చినా వెనుక కీర్తి వచ్చింది. ఆ రాత్రి నేను సత్యమాడితే జంపఖానా మీద చోటు ఉండకపోవు. సత్యం ధర అందరికీ ఒక్కతీరు ఉండదని నాకు ఆ నాటకమే నేర్పింది.

నాటకం మొదలైంది. విశ్వామిత్రుడు పంపిన మాతంగ కన్యలు రాజు సభకు వచ్చిండ్రు. ఆడిండ్రు, పాడిండ్రు. జనం ఈలలు వేసిండ్రు. రాజు బహుమానం ఇస్తనంటే వాళ్లు సొమ్ములు వద్దన్నరు, మమ్ములను పెండ్లి చేసుకో అన్నరు. రాజు మండిపడ్డడు. క్షత్రియుడనైన నేను మాతంగులను చేసుకునుడా అని. ముని వచ్చి వీళ్లనన్న చేసుకో, రాజ్యమన్న ఇయ్యి అన్నడు. రాజు రాజ్యమే ఇచ్చిండు. మైదానమంతా చప్పట్లు. పక్కన పెద్దమనిషి నా దిక్కు తిరిగి, "చూసినవా, మాదిగోళ్లకు రాజు కావలసి వచ్చిండు" అని నవ్విండు. ఆయన చెంబుల నీళ్లు అప్పటికే నా కడుపుల ఉన్నయి. నేను నవ్వలేదు. కాని కాదని కూడ అనలేదు.

మాతంగి మా ఇలవేల్పు పేరు. వశిష్ఠుని పెండ్లాం అరుంధతి మా ఇంటి ఆడబిడ్డ అని మా ముసలోళ్లు చెప్తరు. పెండ్లిల చుక్కను చూపించి మొక్కమనేది ఆమెకే. ఆకాశంల ఉంటే మొక్కుతరు, సభలకు వస్తే రాజ్యమన్న వదులుకుంటరు గాని ముట్టుకోరు. హరిశ్చంద్రుని త్యాగంల మొదటి మెట్టు ఏందో నాకు అక్కడ అర్థమైంది. మన ఆడపిల్లను చేసుకోకుండ ఉండనీకి ఇచ్చిన ధర అది. అబద్ధమాడననే మాట దాని తర్వాత వస్తది.

ఈ కథ పాతది. మార్కండేయ పురాణంలో ఉంది. అక్కడ మాతంగ కన్యలు లేరు. వేటకు పోయిన రాజు ముని కోపానికి గురవుతాడు. భార్యను, కొడుకును అమ్ముకొని, చివరికి తనను తాను ఒక చండాలునికి అమ్ముకుంటాడు. తెలుగులో పదిహేనో శతాబ్దంలోనే గౌరన ఈ కథను ద్విపదలో చెప్పాడు. మన ఊర్లకు చేరింది మాత్రం బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన నాటకంతో. ఆ నాటకాన్ని కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో ఎన్ని వేల రాత్రులు ఆడారో లెక్క లేదు. గుజరాత్‌లో చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి ఆ కథ తనను వదల్లేదని గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. 1913లో ఫాల్కే తీసిన సినిమా కూడా రాజా హరిశ్చంద్రే. అంటే ఈ దేశపు సినిమా నడక నేర్చుకున్నది కాటికాపరి అయిన రాజు కథతో. నిజంగా కాటి కాపరులైనోళ్ల కథ సినిమాకు రానీకి ఇంకెన్ని ఏండ్లు పట్టిందో మీకు తెలుసు.

రాత్రి మూడు గంటలకు కాటిసీను వచ్చింది. చలికి జనం దుప్పట్లు కప్పుకొని ఉన్నరు గాని ఒక్కరు లేవలేదు. తెర మీద సమాధులు, పుర్రెలు. రాజు భుజం మీద కర్ర, నడుముకు నల్లగుడ్డ. హార్మోనియం శ్రుతి పట్టింది. ఆ మనిషి గొంతెత్తిండు.

మా నాయిన విరిచి పాడిన పద్యాలు మొట్టమొదటిసారి మొత్తంగ విన్న. శ్మశానంల పండుకున్నోళ్ల గురించి. అక్కడ రాజు, పేద అందరు ఒక్కటేనని, అంటరానితనం ఆ చోట నడవదని ఆ పద్యాల సారం. రాగం సాగదీసి సాగదీసి పాడిండు. జనం "వన్స్ మోర్" అన్నరు. మళ్లీ పాడిండు. పక్కన పెద్దమనిషి కండ్లు తుడుచుకుంటున్నడు. నేను కూడ ఏడ్చిన. దాచిపెట్టను. మంచి పాటకు కండ్లు కులం అడిగి ఏడవవు. ఏడుస్తుండంగనే గుర్తుకొచ్చింది, ఈ యాళకు మా నాయిన చీకట్ల ఏ ఊరి తొవ్వల నడుస్తున్నడో. తెల్లారితే కట్టెలు పేర్చవలె. ఇక్కడ ఇంతమంది ఏడుస్తున్నది రాజుకు మా నాయిన పని వచ్చిందని. ఆ పని మా నాయినకు ఎందుకు వచ్చిందని ఒక్కరు ఏడ్చింది లేదు.

ఆఖరుకు దేవుండ్లు దిగి వచ్చిండ్రు. సచ్చిన కొడుకు లేచిండు. రాజ్యం తిరిగి వచ్చింది. కాటికి యజమాని వీరబాహుడు కూడ మనోడు కాదని తేలింది. దేవుడే ఆ వేషంల వచ్చి పరీక్ష పెట్టిండట. మార్కండేయ పురాణంలోనూ అంతే, ఆ చండాలుడు మారువేషంలో ఉన్న ధర్మదేవత. మొత్తం నాటకంల రాజును కొనగలిగిన మాదిగోడు ఒక్కడే ఉన్నడు. వాన్ని కూడ ఆఖరుకు మనకు మిగలనియ్యలేదు. కాశీలో మాత్రం హరిశ్చంద్ర ఘాట్ ఉంది. రాజును కొన్నది మా పూర్వీకుడేనని అక్కడి డోములు ఇప్పటికీ చెప్పుకుంటారు, ఇప్పటికీ చితులకు నిప్పు ఇచ్చేది వాళ్లే. రాజు ఎప్పుడో ఇంటికి పోయిండు. డోములు అక్కడనే ఉన్నరు.

రెండు రోజులకు ఊరికి పోయిన. నాయిన అరుగు మీద కూర్చొని కాళ్లకు ఆముదం రాసుకుంటున్నడు. ఆరు ఊర్లు నడిచిండట.

"ఎట్లుండె కొడుకా నాటకం?"

"మంచిగుండె నాయినా. కాటిసీనుకు అందరు ఏడ్చిండ్రు."

"నువ్వో?"

"నేను గూడ."

కొంచెంసేపు ఊకున్నడు. "రాజు ఎన్నొద్దులు కాసిండు కాడు?"

"కొన్నొద్దులే నాయినా."

"మా అయ్య సచ్చేదాక కాసిండు. ఏ దేవుడు దిగి రాలే" అన్నడు. కోపంతోటి అనలేదు. ఎండ ఎక్కువున్నది అన్నట్టు అన్నడు. నేను రెండో టికెట్టు ఆయన చేతుల పెట్టిన. అటుతిప్పి ఇటుతిప్పి చూసి, "పైసలు తిరిగి ఇయ్యరా?" అని అడిగిండు. ఆ టికెట్టు చాలా ఏండ్లు నా ట్రంకుపెట్టెల ఉండె.

అప్పటికి నాకు తెలవని సంగతి ఒకటున్నది. 1995లో గుర్రం జాషువా శతజయంతి సభలకు పోయినప్పుడు తెలిసింది. మా నాయిన పదేండ్లు పాడిన ఆ కాటిసీను పద్యాలు బలిజేపల్లివి కావు. జాషువావి. ఆయన 'శ్మశానవాటి' ఖండికలోవి. పద్యనాటకంలో నటులు తమకు నచ్చిన ఇతర కవుల పద్యాలు కలుపుకొని పాడటం మామూలే. అట్లా జాషువా పద్యాలు కాటిసీనులో చేరి, దానికి ప్రాణమై కూర్చున్నాయి. జనంలో చాలామంది అవి నాటకకర్తవే అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటారు.

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ చదివి బతికాడు, బడిపంతులుగా పనిచేశాడు. కవిగా తిరిగిన సభల్లో కులం పేరుతో పడ్డ అవమానాలు 'నా కథ'లో రాసుకున్నాడు. 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి రానీయని అరుంధతి కొడుకు గబ్బిలంతో కాశీ విశ్వేశ్వరునికి కబురు పంపుతాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నాటకంలో రాజు కాశీకి పోతే అంటరానివాడవుతాడు, దేవుడు వెంటనే వస్తాడు. గబ్బిలంలో అంటరానివాడు కాశీకి పోలేడు, కబురు పంపుతాడు, జవాబు కోసం చూస్తాడు. ఒకే కాశీ, రెండు తొవ్వలు. రెండో తొవ్వ రాసిన మనిషి పద్యాలే మొదటి తొవ్వలో పోయే రాజుకు గొంతు ఇచ్చినయి. కాటి గురించి అంత ఖచ్చితంగ ఆయనే ఎందుకు రాయగలిగిండో పండితులను అడగనక్కర లేదు. మా వాడల అడిగితే చెప్తరు.

జాషువాకు పేరు రాలేదని కాదు. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చినయి. 1971 జులై 24న చనిపోయాడు. నేననేది వేరు. వేల రాత్రులు వేల ఊర్లల్ల ఆయన పద్యానికి "వన్స్ మోర్" అన్నరు. ఆ ఊర్లల్ల ఎన్నిట్ల ఆయన మనిషిగ వస్తే ముందు వరుసల కూసోనిస్తురు? పద్యం గడి ముందటికి వచ్చింది, పద్యం రాసినోని కులం తాడు అవతలనే ఉన్నది.

మనకు నాటకం లేదని ఎవరన్న అంటే నమ్మొద్దు. ఏడాదికోసారి చిందోళ్లు మా వాడకు వచ్చేటోళ్లు. చిందు భాగవతానికి మేమే దాతలం, మా వాడ మీద వాళ్లకు మిరాశి హక్కు. ఆ రోజు తాడు ఉండేది కాదు. ముందు వరుస మాది. జాంబపురాణంల జాంబవంతుడు బాపనాయనతోటి వాదం పెట్టుకునేటోడు, భూమి పుట్టకముందే నేను పుట్టిన అనేటోడు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఆడ వేషమే కాదు, మగ వేషం కూడ కట్టి మెప్పించింది, 2005లో కన్నుమూసింది. ఒకప్పటి మన వరంగల్ జిల్లాలోదైన జనగామ దిక్కు చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కాని చదువుకున్న నేను 1986లో మన చిందును నాటకమని లెక్కపెట్టలేదు. నాటకమంటే తెర ఉండాలె, టికెట్టు ఉండాలె, కోస్తా నుంచి రావాలె అనుకున్న. తాడు గుంజలకే కాదు, నా తలకాయల కూడ కట్టి ఉండె.

జాషువా సంగతి తెలిసినంక ఊరికి పోయి నాయినకు చెప్పిన. "నాయినా, నువ్వు పాడే పద్యం రాసింది మనోడే. వాళ్ల అవ్వ మన మాదిగామె."

నాయిన డప్పు కాపుతున్నడు. చెయ్యి ఆగింది. "మనోడా?" అన్నడు. కొంచెంసేపటికి, "మరి మైకుల పేరెందుకు చెప్పలే?" అన్నడు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన మళ్లీ ఏమీ అడగలేదు. ఆ రోజు పొద్దుగూకాల ఆ పద్యం ఎత్తుకున్నడు. మాటలు ఎప్పటిలెక్కనే విరిగినయి. నేను సరిచేయలేదు.

అప్పటికి ఊర్లె ఒక మార్పు వచ్చింది. 1994లో మాదిగ దండోరా పుట్టింది. దొర నాటకానికి ఊరిని పిలిచిన డప్పే మన సభకు మనలను పిలిచింది. నాయిన ఆ సభకు పోయిండు, ముందట కూర్చున్నడు. సావుకబురు మోయనని గడికి చెప్పి పంపింది కూడ ఆ ఏడే. కాటిసీను మాత్రం చూడకుండనే పోయిండు. ఆయన సచ్చినప్పుడు కట్టెలు మేమే పేర్చుకున్నం. అది వెట్టి కాదు, మా నాయిన కాబట్టి.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. తెలుగు నాటకరంగ చరిత్ర పుస్తకాలు చాలా ఉన్నయి. ఎవరు రాసిండ్రు, ఎవరు వేషం కట్టిండ్రు, ఎన్ని బంగారు పతకాలు వచ్చినయి, అన్నీ ఉన్నయి. ఎవరు సాటింపు వేసిండ్రు, ఎవరు లైట్లకు నూనె పోసిండ్రు, తాడు ఎక్కడ కట్టిండ్రు అన్నది వాటిల ఉండదు. మీ ఊర్లల్ల డెబ్బై, ఎనభై ఏండ్ల అవ్వలు, తాతలు ఇంకా ఉన్నరు. పోయి అడుగుండ్రి. నాటకం ఏ ఏడు వచ్చింది, మన వాడోళ్లు ఎక్కడ కూసున్నరు, ఏ సీను కనబడలేదు, ఏ సీనుకు పని చెప్పి లేపిండ్రు. వాళ్ల మాటలల్లనే రాసుకోండ్రి. ఎక్కడన్న హరిశ్చంద్ర ఆడుతుంటే పోయి చూడుండ్రి కూడ. ఎవలింటోళ్లు అని అడిగితే ఉన్నదే చెప్పుండ్రి. కాటిసీను అయినంక మైకు కాడికి పోయి, ఆ పద్యం ఎవరిదో పేరు చెప్పమని అడుగుండ్రి. చెప్పకుంటే మీరే చెప్పుండ్రి.